చిన్న హైటెక్ కంపెనీ ఎదగడానికి ఏ డబ్బు తీసుకోవాలి? ఆర్డరు, గ్రాంటు, ఇన్వెస్టర్, అప్పు: ఒక పోలిక

పదిమంది ఇంజనీర్లతో సొంతంగా ఏదో ఒక పరికరం తయారుచేస్తున్న కంపెనీల వాళ్లు హైదరాబాద్‌లో కలిసినా వైజాగ్‌లో కలిసినా మాట చివరికి ఒక దగ్గరికే వస్తుంది. "గ్రాంటుకి అప్లై చెయ్యాలా, ఇన్వెస్టర్‌ని వెతుక్కోవాలా, లేక ఎవరికైనా ప్రాజెక్టులు చేసిపెడుతూ ఆ డబ్బుతో మన ప్రొడక్టుని నెట్టుకురావాలా?" అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఏదో ఒకదానివైపు మొగ్గి ఉంటారు. తెలిసినవాళ్ల కంపెనీకి ఏది దొరికితే అదే మనకీ మంచిదనిపిస్తుంది. తమ ప్రొడక్టు ఇప్పుడు ఏ దశలో ఉందో చూసుకుని మొగ్గేవాళ్లు తక్కువ.

ఇక్కడ నేను చెప్పేది యాప్ పెట్టి వీధుల్లో డెలివరీ చేసే కంపెనీల గురించి కాదు. సెన్సర్లు, ఉపగ్రహ భాగాలు, రోగ నిర్ధారణ కిట్లు, డ్రోన్లు, చిప్ డిజైన్ లాంటివి చేసే చిన్న కంపెనీల గురించి. వీటిలో మొదటి రూపాయి అమ్మకం రావడానికే రెండు మూడేళ్లు పడుతుంది. ఆ రెండు మూడేళ్లు జీతాలు ఎవరి డబ్బుతో ఇస్తున్నామన్నదాన్ని బట్టే కంపెనీ ఏం తయారుచేస్తుందో, ఎవరి మాట వింటుందో నిర్ణయమైపోతుంది.

అందుకే డబ్బు వెతకడానికి ముందు మీ ప్రొడక్టు మీద ఇంకా తీరని అనుమానం ఏదో తేల్చుకోండి. ఈ కంపెనీలన్నిటికీ మూడు అనుమానాలు ఉంటాయి. అసలు ఇది పని చేస్తుందా? పని చేస్తే డబ్బిచ్చి కొనేవాళ్లు ఉన్నారా? కొనేవాళ్లుంటే ఇదే నాణ్యతతో వందలు, వేలు చేసి గిట్టుబాటు ధరకి ఇవ్వగలమా? ఒక్కో అనుమానాన్ని తీర్చడానికి ఒక్కో రకం డబ్బు పనికొస్తుంది. మొదటి అనుమానం ఉండగా మూడోదానికి తగిన డబ్బు తెచ్చుకుంటే కంపెనీ దెబ్బతింటుంది. ఆ డబ్బు ఫలితం కోసం ఎక్కువకాలం ఆగలేదు, మన పరిశోధనేమో తొందరపెడితే అయ్యేది కాదు.

కొనేవాడి డబ్బు: ఆర్డర్లు, ప్రాజెక్టు పనులు

హైదరాబాద్‌లో పాత హైటెక్ కంపెనీలు చాలావరకు ఈ దారిలోనే పెరిగాయి. హెచ్ఎంటీలో పనిచేసి వచ్చిన ఇంజనీర్లు 1970లో బాలానగర్ ప్రాంతంలో మొదలుపెట్టిన ఎంటార్, అణు విద్యుత్ కేంద్రాలకు కావలసిన భాగాలు, ఆ తర్వాత ఇస్రో రాకెట్లకు ఇంజన్లు చేస్తూ ఎదిగింది. అది స్టాక్ మార్కెట్‌కి వచ్చింది 2021 మార్చిలో, అంటే యాభై ఏళ్ల తర్వాత. రక్షణ పరిశోధన రంగం నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు 1991లో పెట్టిన ఆస్ట్రా మైక్రోవేవ్‌దీ దాదాపు ఇదే దారి. రాడార్లకీ ఉపగ్రహాలకీ కావలసిన మైక్రోవేవ్ భాగాలు చేస్తూ, ప్రభుత్వ ఆర్డర్ల మీద నిలదొక్కుకుంది.

ఈ డబ్బులో గొప్పతనం ఏమిటంటే, డబ్బుతో పాటు చదువు కూడా వస్తుంది. ఇస్రో ఇన్‌స్పెక్టర్ వచ్చి ఒక వెల్డింగ్‌ని రిజెక్ట్ చేసి వెళ్లాక ఆ వర్క్‌షాపు నేర్చుకునేది ఏ ట్రైనింగ్‌లోనూ దొరకదు. రెండో అనుమానం, అంటే కొనేవాళ్లున్నారా అన్నది, మొదటి రోజే తీరిపోతుంది. షేర్లు ఎవరికీ ఇవ్వనక్కరలేదు.

ఇబ్బంది రెండు చోట్ల ఉంది. ఒకటి, మీరు చేసేది కొనేవాడి డ్రాయింగ్. యాభై సంవత్సరాలు చేసినా ఆ డిజైన్ మీది కాదు. రెండు, ఒక్క కొనుగోలుదారు మీదే ఆధారపడటం. ఎంటార్ విషయంలో కూడా అమెరికాకి చెందిన బ్లూమ్ ఎనర్జీ ఒక్కటే ఆదాయంలో పెద్ద భాగం తెచ్చిపెడుతూ వచ్చింది. అక్కడి ఆర్డర్లు కాస్త అటూ ఇటూ అయితే ఇక్కడి షేరు ధర ఊగడం మదుపరులందరూ చూశారు.

కొత్త కంపెనీలకి ఇంకో ప్రమాదం ఉంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. జీతాల కోసం డిజైన్ సర్వీసు పనులు ఒప్పుకుంటారు. "ఈ ఒక్క ప్రాజెక్టు అవ్వగానే మన ప్రొడక్టు మీద కూర్చుందాం" అనుకుంటారు. ఆ ప్రాజెక్టు అయ్యేలోపు ఇంకోటి వస్తుంది. క్లయింటు ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉండలేం, మన సొంత ప్రొడక్టు ఎప్పుడూ ఫోన్ చెయ్యదు. ఐదేళ్లకి మంచి టీమ్ ఉంటుంది, బ్యాంకులో కాస్త డబ్బు ఉంటుంది, చూపించుకోవడానికి ప్రొడక్టు మాత్రం ఉండదు. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే: ఇద్దరు మంచి ఇంజనీర్లని పేరు పెట్టి పక్కన పెట్టండి. ఎంత పెద్ద క్లయింటు వచ్చినా ఆ ఇద్దరినీ సర్వీసు పనికి ఇవ్వకండి. వాళ్ల జీతం సర్వీసు లాభంలోంచి రావాలి. అంత లాభం రావట్లేదంటే మీ రేటు తక్కువగా ఉందన్నమాట.

కాంట్రాక్టులో ఒక విషయం స్పష్టంగా రాయించుకోండి. ఈ ప్రాజెక్టుకి ముందునుంచీ మీ దగ్గర ఉన్న డిజైను, కోడు మీవే. ప్రాజెక్టులో కొత్తగా పుట్టినదాని మీదే హక్కుల చర్చ. చాలా కంపెనీలు క్లయింటు ఇచ్చిన కాగితం మీద అలాగే సంతకం పెట్టేసి, సంవత్సరాల పనిని ఒక చిన్న బిల్లుకి రాసిచ్చేస్తున్నాయి.

ఇక డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో దగ్గరగా చూద్దాం. ఒక ప్రభుత్వ రంగ సంస్థ నుంచి 40 లక్షల ఆర్డరు వచ్చిందనుకోండి, అడ్వాన్సు లేదు. విడిభాగాలకి 15 లక్షలు, వాటి మీద 18 శాతం జీఎస్టీ 2.7 లక్షలు ముందే కట్టాలి. దిగుమతి భాగాలు రావడానికి మూడు నెలలు, బిగించి టెస్టు చెయ్యడానికి నెలన్నర, వాళ్ల తనిఖీకి నెల, బిల్లు పాసవ్వడానికి ఇంకో నెలన్నర. మొత్తం ఏడు నెలలు. ఈ పని మీద ఉన్నవాళ్ల జీతాలు నెలకి 2 లక్షల చొప్పున 14 లక్షలు. బిల్లు వేసిన మరుసటి నెల 20వ తేదీకల్లా ఆ బిల్లు మీద జీఎస్టీ 7.2 లక్షలు జమచెయ్యాలి. విడిభాగాల మీద కట్టింది తీసేసినా 4.5 లక్షలు కట్టాల్సిందే, అవతలివాళ్లు మీకింకా ఒక్క రూపాయి ఇవ్వకపోయినా. అన్నీ కలిపితే 36.2 లక్షలు మీ చేతిలోంచి వెళ్లాక మొదటి రూపాయి వస్తుంది. లాభం 11 లక్షలు ఉంది, నిజమే. కానీ ఆ 36 లక్షలు ముందు ఎక్కడ్నుంచి వస్తాయన్నది తెలియకుండా ఆర్డరు ఒప్పుకుంటే, లాభం వచ్చే ఆర్డరే కంపెనీని మూతపెట్టించగలదు. ఇలాంటి రెండు ఆర్డర్లు ఒకేసారి వస్తే ఎంత టెన్షనో అనుభవించినవాళ్లకి తెలుసు.

చట్టం మీవైపు కొంత ఉంది, వాడుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకి ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను చట్టంలో కూడా మెలిక పెట్టారు: గడువులోగా కట్టని మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు. దీని తర్వాత ప్రైవేటు కంపెనీల అకౌంట్స్ విభాగాలు మార్చి నెలలో చిన్న సప్లయర్ల ఫోన్లు బాగానే ఎత్తుతున్నాయి. పెద్ద సంస్థ ఒప్పుకున్న బిల్లుని ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదిక మీద పెట్టి, కొంత వడ్డీ పోగొట్టుకుని, ముందే డబ్బు తెచ్చుకునే దారి కూడా ఉంది.

గ్రాంటు: "పని చేస్తుందా" అన్న ప్రశ్నకి

ప్రొడక్టు ఇంకా టేబుల్ మీదే ఉండి, పని చేస్తుందో లేదో మీకే నమ్మకం లేనప్పుడు గ్రాంటుని మించిన డబ్బు లేదు. షేర్లు అడగరు, తిరిగి కట్టమనరు, నిజాయితీగా పనిచేసి విఫలమైతే నేరం కాదు.

మన దగ్గర వచ్చిన పథకాల్లో కొన్ని (ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో చూసుకోండి): నమూనా చెయ్యడానికి నిధి ప్రయాస్ కింద 10 లక్షల వరకు. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద ఇంక్యుబేటర్ల (కొత్త కంపెనీలకి చోటు, సాయం ఇచ్చే సంస్థల) ద్వారా 20 లక్షల వరకు గ్రాంటు, మార్కెట్‌కి వెళ్లే దశలో 50 లక్షల వరకు అప్పు లేదా షేర్లుగా మారే రుణం. బయోటెక్, వైద్య పరికరాల వాళ్లకి బైరాక్ (బయోటెక్ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ) వారి బిగ్ గ్రాంటు, 18 నెలలకి 50 లక్షల వరకు. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్ దీనికి భాగస్వామి సంస్థ. రక్షణ రంగానికి 2018లో మొదలైన ఐడెక్స్ కింద మామూలు ఛాలెంజ్‌లకి 1.5 కోట్ల వరకు, దానికి దీటుగా మీ వాటా కూడా పెట్టాలి.

వీటిలో ఐడెక్స్‌ని విడిగా చూడాలి. మిగతావాటిలో సమస్యని మీరు చెబుతారు. ఐడెక్స్‌లో సైన్యం తన సమస్య చెబుతుంది, మీరు పరిష్కారం చూపాలి. అంటే కొనగలిగినవాడే ప్రశ్న అడుగుతున్నాడు. అందుకని మొదటి అనుమానంతో పాటు రెండోది కూడా కొంత తీరుతుంది. రక్షణ రంగంలో పనికొచ్చే టెక్నాలజీ మీ దగ్గరుంటే, పెద్ద మొత్తం ఇస్తామనే ఇంకో మామూలు గ్రాంటు కన్నా దీన్నే ఎంచుకోమంటాను.

గ్రాంటుకి కూడా ధర ఉంది. దరఖాస్తు నుంచి మొదటి వాయిదా బ్యాంకులో పడేదాకా నెలలు పడుతుంది. డబ్బు వాయిదాల్లో వస్తుంది. ఒక్కో వాయిదాకి పని పురోగతి రిపోర్టు, చార్టర్డ్ అకౌంటెంట్ సంతకంతో వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. పరికరాల పద్దులో రాసిన డబ్బుని జీతాలకి వాడకూడదు. ఆర్నెల్ల పని తర్వాత "ఈ సెన్సర్ కాదు, వేరేది కావాలి" అని మీకు అర్థమైతే, దాన్ని మార్చడానికి అనుమతి లేఖ రాసి కమిటీ కూర్చునేదాకా ఆగాలి. కాబట్టి దరఖాస్తులో పరికరం మోడల్ నంబరు రాసి చిక్కుకోవద్దు. ఏ పని చెయ్యాలో, ఎంత కచ్చితత్వం కావాలో రాయండి.

ఇంకో సంగతి. కమిటీలో కూర్చునేవాళ్లు ఎక్కువగా శాస్త్రవేత్తలు, ప్రొఫెసర్లు. "ఇందులో కొత్తదేముంది?" అని అడుగుతారు. "దీన్ని ఎవరు కొంటారు?" అని అడిగేది తక్కువ. ఒక గ్రాంటు అవ్వగానే ఇంకోటి, దాని వెనక మరోటి, ఇలా పదేళ్లు గడిపే కంపెనీలున్నాయి. వాళ్ల దగ్గర అవార్డులుంటాయి, పేటెంట్లుంటాయి, కస్టమర్ ఉండడు. ఒకే ప్రొడక్టు మీద రెండో గ్రాంటుకి వెళ్లేముందు, డబ్బిచ్చి వాడిన ఒక్క కస్టమర్ పేరు చెప్పగలరా అని మిమ్మల్ని మీరు అడగండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ విషయం ఎస్‌బీఐఆర్ (చిన్న కంపెనీల పరిశోధనకి అక్కడి ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) రూపంలో తెలిసే ఉంటుంది. 1982లో చట్టంగా వచ్చిన ఆ పథకం చిన్న కంపెనీల ఆవిష్కరణలకి పెద్ద ఊతం. క్వాల్‌కామ్ తొలి రోజుల్లో ఆ డబ్బు తీసుకున్న కంపెనీయే. నాకు నచ్చేది దాని అమరిక. మొదటి దశలో సాధ్యమేనా అని చూడటానికి చిన్న మొత్తం, రెండో దశలో తయారుచెయ్యడానికి పెద్ద మొత్తం, మూడో దశలో ఆ పథకం నుంచి పైసా ఇవ్వరు. అక్కడ కొనేవాడి డబ్బో ప్రైవేటు పెట్టుబడో తెచ్చుకోవాలి. గ్రాంటు ఎక్కడ ఆగాలో ముందే చెప్పేశారన్నమాట. అక్కడ అప్లై చెయ్యాలనుకునే తెలుగువాళ్లు ఒకటి చూసుకోండి: కంపెనీలో సగానికి మించి వాటా అమెరికా పౌరులదో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లదో అయి ఉండాలి. హెచ్1బీ మీద ఉన్న మిత్రుడికి సగం వాటా ఉన్నా అర్హత పోతుంది. పైగా ఈ పథకానికి అక్కడి కాంగ్రెస్ ఎప్పటికప్పుడు గడువు పొడిగించాలి. 2025 సెప్టెంబర్ 30న పాత గడువు ముగిసింది కాబట్టి, దరఖాస్తుకి కూర్చునేముందు తాజా పరిస్థితి చూసుకోండి.

ఇన్వెస్టర్ డబ్బు: ఎవరికి సరిపోతుంది, ఎవరికి సరిపోదు

రాకెట్ కంపెనీని ఆర్డర్ల మీద కట్టలేం. ఎగరని రాకెట్‌కి ఎవరూ ఆర్డరివ్వరు. ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ పెట్టినప్పుడు వాళ్ల ముందున్నది అదే పరిస్థితి. చిన్న మొత్తంతో మొదలై, 2021లో గ్రీన్‌కో వ్యవస్థాపకులు ముందుండి పెట్టిన పెట్టుబడి, 2022 సెప్టెంబర్‌లో సింగపూర్‌కి చెందిన జీఐసీ నుంచి 5.1 కోట్ల డాలర్లు, ఇలా మెట్టు మెట్టుగా వచ్చాయి. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లింది. దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ చేసిన రాకెట్ ఎగరడం అదే మొదటిసారి. అక్కడ ఇన్వెస్టర్ డబ్బు ఎందుకు సరిపోయిందంటే, మార్కెట్ ఉందని ప్రపంచానికి అప్పటికే తెలుసు, 2020లో ప్రభుత్వం అంతరిక్ష రంగాన్ని ప్రైవేటుకి తెరిచింది, ముందు వెళ్లినవాడికి లాభం ఉంది, ఖర్చేమో చాలా ఎక్కువ.

మీ ప్రొడక్టుకి ఈ నాలుగూ ఉన్నాయా? రెండు కూడా లేకపోతే వెంచర్ ఫండ్ల చుట్టూ తిరగొద్దని నా సలహా.

వాటా పోతుందని భయపడేవాళ్లని చూస్తుంటాను. లెక్క వేసుకుంటే సరి. మూడు విడతల్లో 20 శాతం చొప్పున ఇస్తే మిగిలేది 51.2 శాతం. ఉద్యోగుల షేర్లకి అందులో పదో వంతు తీస్తే 46. ఇద్దరు వ్యవస్థాపకులుంటే ఒక్కొక్కరికి 23 శాతం. పెద్ద కంపెనీలో 23 శాతం తక్కువేం కాదు. అసలు చిక్కు వాటాలో లేదు, గడియారంలో ఉంది. వెంచర్ ఫండుకి తన డబ్బు ఇచ్చినవాళ్లకి సాధారణంగా పదేళ్లలో తిరిగివ్వాలన్న ఒప్పందం ఉంటుంది. ఫండు నాలుగో ఏట మీలో పెట్టుబడి పెడితే, మీకున్నది ఆరేళ్లే. ఆలోపు కంపెనీ చాలా రెట్లు పెరగాలి, లేదా అమ్ముడుపోవాలి.

ఏటా 30 కోట్ల అమ్మకాలు, అందులో 6 కోట్ల లాభం, నలభైమందికి మంచి ఉద్యోగాలు ఇచ్చే కంపెనీ ఉందనుకోండి. ఆసుపత్రులకో వాటర్ ప్లాంట్లకో దేశంలో ఇంకెవరూ చెయ్యని ఒక పరికరం చేస్తోంది. నా దృష్టిలో అది చాలా గొప్ప కంపెనీ, ఇలాంటివి మన జిల్లాకి పది ఉంటే చాలు. వెంచర్ ఫండు లెక్కలో మాత్రం అది నిలిచిపోయిన కంపెనీ. ఆ ఫండు బోర్డులో కూర్చుంటే మీ పరికరం వదిలేసి ఇంకేదో పెద్ద మార్కెట్‌కి వెళ్లమని ఒత్తిడి వస్తుంది. అందులో వాళ్ల తప్పేం లేదు. మీ మార్కెట్ ఎంత పెద్దదో మీరే ముందు నిజాయితీగా లెక్కేసుకోవాలి.

టర్మ్ షీట్‌లో (ఇన్వెస్టర్ షరతులు రాసిన కాగితంలో) వాల్యుయేషన్, అంటే కంపెనీకి కట్టిన విలువ, కన్నా ముందు చూడాల్సింది, కంపెనీ అమ్మినప్పుడు ఎవరికి ముందు డబ్బు వెళ్తుందన్న షరతు. పది కోట్లు పెట్టి 20 శాతం తీసుకున్న ఇన్వెస్టర్‌కి తన డబ్బు ముందు తీసుకునే హక్కుంటే, కంపెనీ 12 కోట్లకి అమ్ముడైనప్పుడు పది ఆయనకి వెళ్తాయి, మిగతా 80 శాతం వాటా ఉన్నవాళ్లందరికీ కలిపి రెండు కోట్లు. పెట్టిన డబ్బుకి ఒక రెట్టు అంటే సమంజసమే. రెండు రెట్లు అంటే, లేదా తనది తీసుకున్నాక మిగిలినదాంట్లో కూడా వాటా అంటే, ఒప్పుకోకండి. ఒక మంచి వార్త: షేరు ప్రీమియం మీద వేసే ఏంజెల్ ట్యాక్స్‌ని 2024 జులై బడ్జెట్‌లో తీసేశారు కాబట్టి ఆ తలనొప్పి ఇప్పుడు లేదు.

ఫండు కాని ఇన్వెస్టర్: శాంతా బయోటెక్నిక్స్ సంగతి

హైదరాబాద్‌లో హైటెక్ కంపెనీ పెట్టే ప్రతివాళ్లూ శాంతా కథని డబ్బు కోణంలోంచి ఒకసారి చదవాలి. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హెపటైటిస్-బి టీకా కోసం కంపెనీ పెట్టారు. ఆయనది బయాలజీ నేపథ్యం కాదు. జన్యు సాంకేతికతతో టీకా చెయ్యడం అప్పటికి దేశంలో ఎవరికీ అనుభవం లేని పని. బ్యాంకులు నమ్మే విషయం కాదు. చివరికి వాటా తీసుకుని డబ్బు పెట్టింది అప్పటి ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ. ఆయనకి పదేళ్లలో మూసెయ్యాల్సిన ఫండు లేదు, ఓపిక ఉంది. ల్యాబు సొంతంగా కట్టుకునే స్తోమత లేక పరిశోధన ఉస్మానియా యూనివర్సిటీలో మొదలై సీసీఎంబీలో సాగింది. అంటే మొదటి అనుమానం ప్రభుత్వ ప్రయోగశాలల్లో, ఓపికగల ఒక మనిషి డబ్బుతో తీరింది.

1997లో శాన్‌వ్యాక్-బి వచ్చింది. బయటి నుంచి వచ్చే టీకా డోసు సుమారు 750 రూపాయలుంటే, దీన్ని 50 రూపాయల స్థాయికి తెచ్చారు. రెండో అనుమానం ఆ ధరతోనే తీరింది. అంతకుముందు టీకా గురించి ఆలోచించని కుటుంబాలు కూడా వేయించుకున్నాయి. 1996లో కృష్ణ ఎల్లా మొదలుపెట్టిన భారత్ బయోటెక్ కూడా అదే టీకాతో రంగంలోకి రావడంతో ధరలు ఇంకా దిగాయి. యునిసెఫ్ స్థాయి సరఫరాలకి ఎదిగాక 2006లో ఫ్రాన్స్‌కి చెందిన మెరియూ పెద్ద వాటా తీసుకుంది, 2009లో కంపెనీ సనోఫీ చేతికి వెళ్లింది.

పెద్ద కంపెనీకి అమ్మడాన్ని ఓటమిగా చూసేవాళ్లున్నారు, విజయంగా చూసేవాళ్లున్నారు. నా అభిప్రాయంలో అది కూడా ఒక ఎంపికే, కాకపోతే ముందే మాట్లాడుకోవాలి. వ్యవస్థాపకుల్లో ఒకరు అమ్ముదామని, ఇంకొకరు ఎప్పటికీ అమ్మకూడదని మనసులో పెట్టుకుని కలిసి ఇన్వెస్టర్ డబ్బు తీసుకుంటే, గొడవ తప్పదు.

మన దగ్గర ఇలాంటి ఓపికగల డబ్బు కోసం ఎక్కడ చూడాలంటే, మీ రంగంలోనే వ్యాపారం చేసి సంపాదించినవాళ్ల దగ్గర. ఫార్మా యంత్రాలకి సెన్సర్ చేస్తున్నారా, ఫార్మా ఫ్యాక్టరీ నడిపిన పెద్దమనిషిని కలవండి. ఆయనకి మీ పరికరం విలువ అర్థమవుతుంది, ఏళ్లు పడుతుందనీ తెలుసు. బంధువుల దగ్గర తీసుకుంటే మాత్రం, ఎంత చిన్న మొత్తమైనా, షేరో అప్పో కాగితం మీద రాసుకోండి. "బాబాయ్ ఇచ్చాడు, తర్వాత చూద్దాం" అని వదిలేసినవి తర్వాత వచ్చే ఇన్వెస్టర్ లాయర్ల దగ్గర పెద్ద సమస్యలవుతాయి.

బ్యాంకు అప్పు

అప్పు విషయంలో నా మాట కొంచెం కరుకుగానే ఉంటుంది. పని చేస్తుందో లేదో తెలియని ప్రొడక్టు కోసం ఇల్లు తాకట్టు పెట్టొద్దు. పరిశోధన ఎప్పుడు ఫలిస్తుందో చెప్పలేం, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా అదే తేదీకి వస్తుంది.

మూడో అనుమానం దశలో, చేతిలో ఆర్డర్లు ఉన్నప్పుడు, అప్పే అన్నిటికన్నా చవకైన డబ్బు. పైన చూసిన 40 లక్షల ఆర్డరు లాంటి దానికి షేర్లమ్మి డబ్బు తేవడం తెలివైన పని కాదు, ఏడు నెలల అవసరానికి శాశ్వతంగా వాటా ఇచ్చేసినట్టు. సీజీటీఎంఎస్‌ఈ (చిన్న సంస్థల రుణాలకి హామీ ఇచ్చే ట్రస్టు) హామీ మీద తాకట్టు లేకుండా ఇచ్చే రుణాల పరిమితిని 2023లో 2 కోట్ల నుంచి 5 కోట్లకి, 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లకి పెంచారు. పథకం ఉన్నా బ్రాంచి మేనేజరు ఆస్తి కాగితాలే అడగొచ్చు. ఆర్డరు కాపీ, పాత బిల్లులు ఎన్ని రోజులకి వచ్చాయో చూపించే బ్యాంకు స్టేట్‌మెంటు, జీఎస్టీ రిటర్నులు పట్టుకుని, ఎంఎస్ఎంఈ రుణాలు ఎక్కువగా చూసే బ్రాంచికి వెళ్లండి.

2025 జులైలో కేంద్రం ఆమోదించిన లక్ష కోట్ల పరిశోధన, ఆవిష్కరణ నిధి గురించి చాలామంది అడుగుతున్నారు. అది తక్కువ వడ్డీకి దీర్ఘకాల రుణాలు, పెట్టుబడుల కోసం, అదీ ల్యాబులో పని చేస్తుందని తేలిన దశ దాటినవాటికి. ఆలోచన దశలో ఉన్నవాళ్లు దానికోసం ఎదురుచూడొద్దు.

మరి మీరు ఏది ఎంచుకోవాలి

వైద్య పరికరాలవాళ్లకి: ముందు బైరాక్ గ్రాంటు, పక్కనే ఒక ఆసుపత్రి డాక్టరుతో పని. 2023 అక్టోబర్ నుంచి దాదాపు అన్ని తరగతుల పరికరాలకీ లైసెన్సు తప్పనిసరి కాబట్టి అనుమతుల ఖర్చు, కాలం ముందే లెక్కలో వేసుకోండి. టెస్టింగుకి సొంత యంత్రాలు కొనకండి. వైజాగ్ మెడ్‌టెక్ జోన్‌లో ఉమ్మడి సౌకర్యాలున్నాయి, హైదరాబాద్‌లో నమూనాలకి టీ-వర్క్స్ ఉంది. అనుమతి చేతికొచ్చాక ఇన్వెస్టర్ దగ్గరికి వెళ్తే అదే వాటాకి చాలా ఎక్కువ డబ్బొస్తుంది.

రక్షణ, అంతరిక్ష భాగాలవాళ్లకి: కొనేవాడి డబ్బు, ఐడెక్స్, ఆ తర్వాత బ్యాంకు. మొత్తం ఉపగ్రహమో రాకెట్టో చేస్తే తప్ప వెంచర్ ఫండు అక్కర్లేదు. మొదటి మూడేళ్లలోనే రెండో కస్టమర్‌ని వెతకండి, మొదటివాడు ఎంత మంచివాడైనా.

చిప్ డిజైన్‌వాళ్లకి కేంద్రం 2021లో డీఎల్ఐ పథకం తెచ్చింది, అర్హమైన ఖర్చులో సగం, 15 కోట్ల వరకు తిరిగిచ్చేలా. దరఖాస్తుల మొదటి గడువు 2024 చివరికే ముగిసింది కాబట్టి తాజా పరిస్థితి చూసుకోండి. ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా సీ-డాక్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా దొరుకుతుంది. ఖర్చంతా ముందు మీరే పెట్టాలి కాబట్టి ఇన్వెస్టర్ లేకుండా సాగదు. మన ఇంజనీర్లకి అనుభవం ఉన్నది ఇక్కడే. అయినా సర్వీసు పనుల్లో కూరుకుపోయేది ఎక్కువగా వీళ్లే, అందుకే ఆ ఇద్దరు ఇంజనీర్ల సూత్రం వీళ్లకి మరీ ముఖ్యం.

వ్యవసాయ సెన్సర్లు, డ్రోన్లవాళ్ల విషయంలో టెక్నాలజీ కన్నా రెండో అనుమానమే పెద్దది. రైతు సబ్సిడీ ఉంటే కొంటాడా, లేకపోయినా కొంటాడా? రెండు పంటకాలాలు, సబ్సిడీ లేకుండా, కొద్దిమంది రైతులకైనా అమ్మి చూడండి. డబ్బిచ్చి కొన్న రైతే రెండో పంటకి మళ్లీ అడిగితే అప్పుడు పెట్టుబడికి వెళ్లండి. దానికి ముందు వచ్చే పెద్ద మొత్తం మిమ్మల్ని ఎవరూ అడగని వేల పరికరాలు తయారుచేసేలా చేస్తుంది. అవన్నీ గోడౌన్‌లో ఉండగానే కొత్త మోడల్ అవసరమవుతుంది.

ఏ దారి ఎంచుకున్నా, సంతకం పెట్టేముందు అదే చోట డబ్బు తీసుకున్న ఇద్దరు వ్యవస్థాపకులతో మాట్లాడండి. అందులో ఒకరు కంపెనీ మూసేసినవాళ్లై ఉండాలి. గ్రాంటైతే చివరి వాయిదా ఎన్నాళ్లకి వచ్చిందని, ఇన్వెస్టరైతే అమ్మకాలు పడిపోయిన ఏడాది ఆయన ఎలా మాట్లాడాడని, బ్యాంకైతే ఒక వాయిదా తప్పినప్పుడు ఏం చేశారని అడగండి. ఫోన్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని అడిగితే చాలామంది దాచకుండా చెబుతారు.